ఆ పార్కు చిన్నపిల్లలకు పనికొస్తుందా

మా అబ్బాయి చదివిన మొదటి బడి యూనివర్సిటీ క్యాంపస్ లోపలే ఉండేది. పాత స్టాఫ్ క్వార్టర్ ఒకదాన్ని బాగుచేసి, అక్కడ పనిచేసేవాళ్ల పిల్లల కోసం నడిపే చిన్న బడి. ముందు వరండా, వెనక ఇసుక గుంట, వేపచెట్టుకు కట్టిన టైరు ఉయ్యాల. మూడేళ్ల పిల్లల నుంచి ఆరేళ్లలోపు వాళ్ల దాకా ఉండేవాళ్లు. నేను అదే క్యాంపస్‌లో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. పొద్దున్నే తార్నాకలోని మా ఫ్లాటు నుంచి వాణ్ణి స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని తీసుకొచ్చి, బడి దగ్గర దించి క్లాసుకు పోయేవాణ్ణి.

ఆ ఏడాది వానలు వెనకబడుతున్న రోజుల్లో పెద్ద టీచర్ మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టి పిక్నిక్ మాట ఎత్తారు. మామూలుగా జంతువుల పార్కుకు తీసుకెళ్లేవారు. ఈసారి రింగురోడ్డు దాటాక ఉన్న థీమ్ పార్కుకు వెళ్దామన్నారు. అందరి మొహాలూ వెలిగాయి. నేనొక్కణ్ణే, "ఇంత చిన్నపిల్లలకు అది పనికొస్తుందా మేడమ్?" అని అడిగాను.

అడిగినవాడి నెత్తిమీదే పని పడుతుంది. "అయితే మీరే ఒకసారి పోయి చూసిరండి సార్. మీరు బాగుందంటే పోదాం, వద్దంటే మానుకుందాం" అన్నారావిడ. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. పుట్టిల్లు గోల్నాక. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. ఏ వస్తువును చూసినా ముందు అదెలా విరుగుతుందో ఆలోచించే అలవాటు నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆమెకు అలాంటిదేమీ లేదు.

"చిన్నప్పుడు మా తాతోళ్ల ఊర్ల జాతరకు పోతే, గిర్రగిర్ర తిరిగే ఉయ్యాల ఎక్కేటోళ్లం. దానికి తాడు లేదు, బెల్టు లేదు. ఏమైంది? ఏం కాలే. నువ్వు ముందే ఏడుస్తవ్" అంది.

"ఏం కానివాళ్లే కదా ఇలా కూర్చుని చెప్పేది" అన్నాను.

ఆమె నవ్వు ఆపేసి నా వంక చూసింది. "గట్ల మాట్లాడకు. పోయి చూసిరా. పిల్లగాన్ని గూడ తీస్కపో."

అలా ఒక పనిరోజున, నేనూ మావాడూ ఆ పార్కు చూడ్డానికి వెళ్లాం. మావాడికి అప్పుడు ఐదేళ్లు. భయమంటే తెలియని పిల్లవాడు. క్యాంపస్‌లో రాతి గోడల మీద నడిచేవాడు. లాలాగూడ వంతెన మీద ఆగి, కింద రైలు పోతుంటే కమ్మీల సందులోంచి తల దూర్చేవాడు. వాడి వెనక పరిగెత్తడమే నా పని.

పార్కులో జనం లేరు. అంత పెద్ద ఆవరణలో స్పీకర్లలోంచి పిల్లల పాటలు ఎవరికోసమో మోగుతున్నాయి. కప్పుల్లా ఉండే కుర్చీలు ఖాళీగా తిరుగుతున్నాయి. రంగులరాట్నం మీద ఒక్కరూ లేరు, గుర్రాలు మాత్రం లేస్తూ దిగుతూ ఉన్నాయి. మావాడు కేకలు వేసుకుంటూ ముందుకు ఉరికాడు. ఆ ఖాళీలో వాడి గొంతు ఎక్కడెక్కడికో తగిలి తిరిగొచ్చింది.

మధ్యలో ఓడ ఆకారంలో పెద్ద ఉయ్యాల. అది ఊగుతోంది. వరసవరసకూ ఎవరో కూర్చున్నట్టు కనిపిస్తే, జనం ఇక్కడున్నారా అనుకుని దగ్గరికి వెళ్లాను. మనుషులు కారు. ఇసుక మూటలు. సీటుకో మూట కూర్చోబెట్టి, ఒళ్లో ఇనుప కమ్మీ దించి ఊపుతున్నారు.

"పొద్దుగాల వీటితోని ఊపి చూస్తం సార్. మనుషులు తర్వాత" అన్నాడు అక్కడి ఆపరేటర్, టీ తాగుతూ.

నేను చాలాసేపు నిలబడి చూశాను. వరసకంతా ఒకటే కమ్మీ. పెద్ద మూటల పొట్ట మీద అది ఆగిపోతుంది. పక్కనే చిన్న మూట ఉంటే, దానికీ కమ్మీకీ మధ్య జానెడు సందు మిగులుతుంది. ఓడ పైకి పోయి ఒక క్షణం ఆగినప్పుడు ఆ చిన్న మూట సీటు మీద నుంచి లేవడం నాకు కనిపించింది. చివరి వరసలో ఒక మూట అప్పటికే కమ్మీ కిందనుంచి జారి కాళ్లు పెట్టుకునే చోట పడి ఉంది. ఓడ ఊగినప్పుడల్లా ఇటు దొర్లుతోంది, అటు దొర్లుతోంది.

"అది పడిపోయింది చూడండి" అన్నాను.

"మూట గద సార్. మనుషులైతే పట్టుకుంటరు" అన్నాడతను.

ఎత్తు కొలిచే చోట చెక్క మీద ఎలుగుబంటి బొమ్మ గీసి ఉంది. తల దాని చేతికి తగిలేంత ఎత్తుంటేనే లోపలికి. మావాడు దాని కింద నిలబడి, నేను చూడడం లేదనుకుని మునివేళ్ల మీద లేచాడు. జుట్టు ఆ చేతికి తగిలింది. "నేను పెద్దోణ్ణే!" అన్నాడు. చెయ్యి పట్టుకుని అక్కణ్ణుంచి లాక్కొచ్చాను. నీళ్ల ఆటలు చూశాను. చిన్న రైలు చూశాను, అది బాగానే ఉంది. రంగులరాట్నం మీద వాడితో పాటు నేనూ తిరిగాను. ఫర్వాలేదనిపించింది.

ఆవరణ చివర్న ఒక గుహ ఉంది. సిమెంటుతో కట్టిన పెద్ద రాక్షసి మొహం, తెరిచిన నోరే వాకిలి. నోటికి అడ్డంగా నల్లటి రబ్బరు పట్టీలు వేలాడుతున్నాయి. పగటిపూట చూస్తే నవ్వొచ్చేంత మోటుగా ఉంది, పళ్ల మీద రంగు పెచ్చులూడిపోయి. నోటి ముందు పెద్ద హాలు, రేకుల కప్పు, మనుషులు వరసగా నిలబడడానికి పైపులు. ఎత్తు కొలిచే బొమ్మ లేదు. ఎవరైనా లోపలికి పోవచ్చు.

దానికి పది అడుగుల దూరంలో మావాడు ఆగిపోయాడు.

"రా, చూద్దాం" అన్నాను.

"వద్దు నాన్నా."

వాడి నోట ఆ మాట నేను అంతవరకూ వినలేదు. నా కాలి వెనక్కి చేరి ప్యాంటు పట్టుకున్నాడు. "అది ఊపిరి పీలుస్తున్నది" అన్నాడు మెల్లగా.

నేను చెవి పెట్టి విన్నాను. నిజమే. ఆ రబ్బరు పట్టీలు కాస్త బయటికి వస్తున్నాయి, కాస్త లోపలికి పోతున్నాయి. లోపల్నుంచి బరువైన చప్పుడు, ఆగి ఆగి. వాకిలి దగ్గర యూనిఫాంలో కూర్చున్న అమ్మాయి నవ్వింది. "గాలి మిషన్ సార్ అది. లోపల బొమ్మలుంటయ్, గంతే. చిన్న పిల్లలు గూడ పోతరు, ఏం గాదు."

మావాడు కదల్లేదు. గాలిలో రబ్బరు వాసన, తడి సున్నం వాసన. నేను వాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చేశాను. ఇంటికొచ్చాక కూడా రెండు మూడు రోజులు వాడు ఫ్రిజ్ దగ్గర ఆగి చెవి ఆనించి వినేవాడు. ఏం వింటున్నావంటే చెప్పేవాడు కాదు.

బడిలో మళ్లీ కూర్చున్నప్పుడు నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఓడ, ఎత్తు నుంచి జారేవి, నీళ్లు వద్దు. చిన్న రైలు, రంగులరాట్నం, కప్పుల కుర్చీలు ఫర్వాలేదు. గుహ అసలే వద్దు. "నన్నడిగితే ఇంకో రెండేళ్లు ఆగి వెళ్లడం మేలు" అన్నాను. జారిపడ్డ ఇసుక మూట సంగతి కూడా చెప్పాను. తర్వాత ఒక తండ్రి, "చిన్నవి ఎక్కించుకుని వచ్చేద్దాం సార్. పిల్లలకు చెప్పేశాం కదా" అన్నాడు. పెద్ద టీచర్ అందరి వంకా చూశారు. వెళ్లడానికే నిర్ణయమైంది, నేను చెప్పిన షరతులతో. తోడుగా వచ్చే పెద్దల్లో నన్నూ చేర్చారు.

మా కింది అంతస్తులో ఉండే ఆవిడ యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆవిడ పుట్టిల్లు లాలాగూడ. భర్త ఉద్యోగం రైళ్ల మీద, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. వాళ్ల పాపకు నాలుగేళ్లు, మావాడి బడే. ఆ పాప మాట్లాడడం తక్కువ. ఏదైనా కావాలంటే మన చూపుడువేలు పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టేది. మా ఇంటికి వచ్చినప్పుడు నా వేలు పట్టుకుని ఫ్రిజ్ దాకా నడిపించేది. పిక్నిక్ రోజు సెలవే అయినా ఆవిడకు పరీక్షల పని పడింది, రావడం కుదరలేదు.

"అన్నా, మీరు పోతున్నరు గాబట్టే పంపుతున్న. మీరైతే అన్నీ చూసిండ్రు" అంది పొద్దున బస్సు దగ్గర.

తర్వాత పాప ముందు కూర్చుని, జడలకు రిబ్బన్లు సర్ది, "అంకుల్ చెయ్యి ఇడువకు. ఏమైనా సరే ఇడువొద్దు. సమజైందా?" అని చెప్పింది. పాప తలూపింది. అప్పుడే నా వేలు పట్టుకుంది.

ఆకాశం తెల్లగా ఉంది. గాలి లేదు. క్యాంపస్ చెట్ల కిందనుంచి బస్సు బయల్దేరి తార్నాక చౌరస్తా మీదుగా పోతుంటే పిల్లలందరూ పాటలు పాడారు. కిటికీ పక్కన మావాడు, నా ఒళ్లో పాప. ఆమె పాడలేదు, వింటూ కూర్చుంది. నా వేలు ఆమె పిడికిట్లోనే ఉంది.

పొద్దుటిపూట అంతా బాగా గడిచింది. సెలవు రోజు కాబట్టి జనం విరగబడి ఉన్నారు. చిన్న రైలెక్కారు, దిగారు, మళ్లీ ఎక్కుతామన్నారు. రంగులరాట్నం మీద పాప మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది. ఆ నవ్వును నేను ఫోన్‌లో తీసి వాళ్లమ్మకు పంపాను. మధ్యాహ్నం చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. నేను అనవసరంగా భయపడ్డానేమో అని నాకే అనిపించింది. పెద్ద టీచర్ కూడా, "చూశారా సార్" అన్నట్టు నా వైపు చూసి నవ్వారు.

పెరుగన్నం తింటూండగానే వెలుతురు మారింది. పసుపుపచ్చగా ఏదో దిగినట్టయింది. పక్షులన్నీ ఒకేసారి లేచి పోయాయి. తర్వాత గాలి. దుప్పట్లు, కాగితం పళ్లేలు, పిల్లల టోపీలు కొట్టుకుపోయాయి. ఓడ ఊగడం ఆపేశారు. ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆగిపోయాయి. స్పీకర్లో పాట మధ్యలో తెగిపోయి, "అందరూ కప్పు ఉన్న చోటికి వెళ్లండి" అని ఒక గొంతు చెబుతోంది. ఎక్కడో దగ్గరలోనే పిడుగు పడింది.

కప్పు ఉన్న చోటు ఏది? క్యాంటీన్ రేకులు లేచిపోయేలా కొట్టుకుంటున్నాయి, అక్కడినుంచి జనమే బయటికి వస్తున్నారు. చెట్ల కింద ఉండకూడదు. యూనిఫాం వేసుకున్న ఒకతను చేతులూపుతూ అరుస్తున్నాడు. "గిటు రాండ్రి! గుహ కాడికి రాండ్రి! గాడ హాలున్నది!"

పెద్ద టీచర్ నన్ను చూశారు. నేను ఆకాశాన్ని చూశాను. "పదండి" అన్నాను. ఇంకో దారి లేదు.

ఒక చేత్తో మావాణ్ణి, ఇంకో చేత్తో పాపను పట్టుకుని పరిగెత్తాను. రేకుల హాలు అప్పటికే నిండిపోయింది. ఎవరెవరి కుటుంబాలో, తడిసిన చీరలు, ఏడుస్తున్న పసిపిల్లలు. మా పిల్లల్ని పైపుల మధ్య వరసగా నిలబెట్టాం. వాన పక్కనుంచి కొడుతూ ఉంటే జనం ఇంకా లోపలికి, గుహ నోటి వైపుకు ఒత్తుకుంటున్నారు. ఆ నల్లటి పట్టీలు మా వీపులకు తగులుతున్నాయి. వాటి వెనక ఆ చప్పుడు, ఆగి ఆగి. మావాడు నా నడుముకు మొహం ఆనించుకున్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

హాలులో ఉన్న కాసిని దీపాలూ ఆరిపోయాయి. బయట మబ్బు ఎంత కమ్ముకుందంటే పక్కనున్న మొహం కనిపించలేదు. లోపలి యంత్రం నిట్టూర్చినట్టు చప్పుడు చేసి నిలిచిపోయింది. పట్టీలు కదలకుండా వేలాడాయి. అందరూ ఒక్కసారిగా మాట ఆపేశారు.

"నాన్నా," అన్నాడు మావాడు ఆ నిశ్శబ్దంలో, "ఊపిరి ఆగిపోయింది."

మరుక్షణం ఇంకో పిడుగు పడింది. రేకుల మీద ఏదో కొమ్మ విరిగి పడింది. జనం ఒక్క ఊపున లోపలికి తోసుకొచ్చారు. నేను పైపుకు కొట్టుకున్నాను. మావాడు కింద పడబోతే లాగి ఎత్తుకున్నాను. నిలదొక్కుకునేసరికి నా ఎడమ చేతిలో ఏమీ లేదు. తడిసిన వేళ్లు జారిపోయినట్టు కూడా నాకు తెలియలేదు.

పేరు పెట్టి పిలిచాను. జవాబు రాలేదు. ఆ పాప పిలిస్తే పలికే పిల్ల కాదు. ఫోన్ల లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. మా పిల్లల మొహాల మీద వెలుగు వేసుకుంటూ పోయాను. ఒక్కో మొహం తెల్లగా, కళ్లు చికిలించుకుని. ఆమె లేదు. బయట వానలో లేదు. పైపుల కింద లేదు. మావాణ్ణి పెద్ద టీచర్ చేతుల్లో పెట్టాను. ఆవిడ వాణ్ణి రెండు చేతులా పట్టుకున్నారు.

వాకిలి దగ్గర కూర్చునే ఆ అమ్మాయి టార్చితో వచ్చింది. "సార్, ఆగుండ్రి. లోపల మెట్లున్నయ్, పడతరు. నా ఎనక రాండ్రి."

పట్టీలు తోసుకుని లోపలికి వెళ్లాం. గాలి ఆడడం లేదు. రబ్బరు వాసన గొంతుకు అడ్డం పడింది. దారి సన్నగా వంపు తిరిగింది. తోపులాటలో లోపలికి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు తడుముకుంటూ ఎదురొచ్చారు. "చిన్నపాపను చూశారా?" అంటే ఎవరూ చూడలేదన్నారు. వంపు దాటాక మొదటి గది. టార్చి వెలుగు గోడ మీద ఉన్న చేతుల మీద, వేలాడే తలల మీద పాకి, ఒక మూలన ఆగింది.

అక్కడ కుర్చీలో ముసలమ్మ బొమ్మ. మనుషులు దగ్గరికి రాగానే లేచి నిలబడేలా చేసిన బొమ్మ. కరెంటు పోవడంతో సగం లేచి, వంగి, అలాగే ఆగిపోయింది. దాని పక్కన పాప నిలబడి ఉంది. రెండు చేతులతో ఆ బొమ్మ చేతిని పట్టుకుని, మొహాన్ని దాని చీరలో దాచుకుని.

చీకట్లో నా చెయ్యి పోయింది. దొరికిన చెయ్యి పట్టుకుంది. విడవొద్దని వాళ్లమ్మ చెప్పింది, విడవలేదు.

"పాపా" అన్నాను. తిరగలేదు. దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, "నేను అంకుల్ని. ఇదిగో" అన్నాను. అప్పుడు తలెత్తింది. టార్చి వెలుగులో నన్ను చూసింది. తర్వాత తాను పట్టుకున్న చేతిని చూసింది. దాని వేళ్లకు పొడుగాటి గోళ్లు. నెమ్మదిగా పై దాకా చూసింది. అరవలేదు. వేళ్లు మాత్రం బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ నేనే విడదీయాల్సి వచ్చింది. నా చెయ్యి చాచితే అందుకోలేదు. ఎత్తుకున్నాను.

రెండడుగులు వేశామో లేదో కరెంటు వచ్చింది. గాలి మిషన్ గట్టిగా ఒకసారి పీల్చింది. నా వెనక కుర్చీ కిర్రుమంది, ఏదో లేచి నిలబడిన చప్పుడు, ఆ తర్వాత నవ్వు. నేను తిరిగి చూడలేదు. పాప మాత్రం నా భుజం మీదుగా అటే చూస్తూ ఉంది.

వాన తగ్గాక బస్సెక్కాం. మిగతా పిల్లలు అలిసిపోయి నిద్రపోయారు. కొందరు రంగులరాట్నం గుర్రాల రంగుల గురించి పోట్లాడుకున్నారు. పాప నా ఒళ్లో కూర్చోలేదు. పక్క సీట్లో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పిడికిళ్లు చేసి పెట్టుకుంది.

క్యాంపస్ గేటు దగ్గర వాళ్లమ్మ గొడుగుతో నిలబడి ఉంది. పొద్దున నేను పంపిన ఫోటో చూసిన సంతోషం ఇంకా మొహంలో ఉంది. అక్కడే పక్కకు పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ విన్నది. గొడుగు అంచునుంచి నీళ్లు నా చొక్కా మీద కారుతున్నాయి.

"ఎంతసేపున్నది గాడ?"

"కరెంటు పోయి వచ్చేంతసేపు."

"దొరికింది గదా అన్నా. చాలు" అంది. పాపను ఎత్తుకుని ఆటో పిలిచింది. మేమూ అదే అపార్ట్‌మెంటుకు పోవాలి, కానీ రమ్మని పిలవలేదు, నేనూ అడగలేదు.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. బ్యాగు కింద పెట్టకుండానే అడిగింది.

"ఏడ్చిందా?"

"లేదు."

"ఇప్పటిదాక ఏడ్వలేదా?"

"లేదు."

ఆమె చెప్పులు మళ్లీ వేసుకుంది. "మా కాడ క్యాజువాల్టీల ఏడ్చే పిల్లల్ని చూసి మేం భయపడం. సప్పుడు జెయ్యని పిల్లల్నే చూస్తం ముందు" అని కింది అంతస్తుకు దిగింది. చాలాసేపటికి వచ్చి, "పాలు తాగింది. పండుకున్నది. లైటు ఆర్పనిస్తలేదు" అని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత తెలిసింది, పాప ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదని. వాళ్లమ్మ చెయ్యి కూడా. చెయ్యి చాస్తే రెండు చేతులూ వీపు వెనక్కి పోయేవి. తార్నాక చౌరస్తాలో ఆ బస్సులు, ఆటోల మధ్య రోడ్డు దాటడానికి ఆవిడ పాపను గౌను మెడ దగ్గర పట్టుకుని నడిపించడం నేను స్కూటర్ మీద నుంచి చూశాను. చూసినవాళ్లు ఏమనుకుంటారో అన్నట్టు ఆవిడ తల దించుకుని నడిచేది. అన్నం తినిపిస్తే తినేది, పిలిస్తే చూసేది. కానీ ఏదైనా కావాలంటే వేలు పట్టుకుని తీసుకెళ్లే ఆ పిల్ల ఇప్పుడు ఏమీ కావాలనడం మానేసింది.

బడిలో మళ్లీ తల్లిదండ్రులందరం కూర్చున్నాం. పెద్ద టీచర్ మొహం వాడిపోయి ఉంది. వాళ్లింటికి వెళ్లి మాట్లాడి వచ్చానని చెప్పారు. కొందరు ఇలాంటి చోట్లకు ఇక పోవద్దన్నారు. పిల్లలకు చెప్పేశాం కదా అన్న ఆ తండ్రి మాత్రం, "అందరు పిల్లలూ క్షేమంగా వచ్చారు. వాన పడితే ఎవరేం చేస్తారు? అది పార్కు తప్పెట్లవుతుంది?" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పిక్నిక్ తర్వాత పిల్లలు గీసి గోడల మీద అంటించిన బొమ్మల్లో రంగులరాట్నం, రైలు, పులిహోర డబ్బాలు ఉన్నాయి. వాళ్లతో పాటే పాప గీసిన కాగితం టీచర్ నాకు విడిగా చూపించారు. కాగితమంతా నల్ల క్రేయాన్‌తో నింపింది. ఎంత ఒత్తి గీసిందంటే ఒకచోట చిరిగిపోయింది.

మా ఆవిడ తమ ఆసుపత్రిలో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి ఆ తల్లీకూతుళ్లిద్దర్నీ తీసుకెళ్లింది. బలవంతపెట్టొద్దు, తనంతట తను రానివ్వండి, చీకటి గురించి మీరు మాట్లాడకండి, తను మాట్లాడితే వినండి అని ఆమె చెప్పిందట. కొన్నాళ్లకు వాళ్లమ్మ పాపను తీసుకుని లాలాగూడలో అమ్మగారింటికి వెళ్లింది. అక్కడ ఇంటినిండా మనుషులుంటారు, రాత్రంతా రైళ్ల చప్పుడు ఉంటుంది, పాపకు నిశ్శబ్దం ఉండదని. కింది అంతస్తుకు తాళం పడింది. మెట్లు దిగుతున్నప్పుడల్లా ఆ తాళం కనిపించేది.

ఆ రోజుల్లోనే ఒకసారి, స్నానం చేయిస్తుంటే మావాడు అడిగాడు. "నాన్నా, ఆ రోజు నా చెయ్యి గూడ పట్టుకున్నవు గదా?"

"అవును."

"నాది ఎందుకు ఇడువలేదు?"

చెంబుతో నీళ్లు ముంచి వాడి తల మీద పోశాను. వాడి కళ్లలోకి సబ్బు నీళ్లు దిగితే కేక వేశాడు. కడిగాను. వాడు మళ్లీ అడగలేదు.

చలికాలం అయ్యేసరికి వాళ్లు తిరిగొచ్చారు. పాప కొంచెం పొడుగైంది. ఒకటి రెండు మాటలు పలుకుతోంది. లైటు ఆర్పనివ్వదు కానీ తలుపు దగ్గరకు వేయనిస్తోందని ఆవిడ మా ఆవిడతో చెప్పింది. నాతో కూడా మాట్లాడుతోంది, ముందున్నంత కాకపోయినా. ఒక ఆదివారం పొద్దున అందరం క్యాంపస్‌లో నడకకు వెళ్లాం. పిల్లలిద్దరూ ముందు పోతున్నారు. రోడ్డు దాటే చోట మావాడు ఆగి, చెయ్యి చాచబోయి, ఏమనుకున్నాడో వెనక్కి తీసుకున్నాడు. చొక్కా పొడుగు చేతిని వేళ్ల దాకా కిందికి లాగి, ఆ గుడ్డ కొసను పాప ముందుకు జాపాడు. పాప దాన్ని చూసింది. రెండు వేళ్లతో ఆ గుడ్డ కొస పట్టుకుంది. ఇద్దరూ అలా దాటారు. వాళ్లమ్మ నా పక్కన నిలబడి చూసింది.

కిందటి నెల మా అపార్ట్‌మెంటులోకి ఒక కొత్త కుటుంబం దిగింది. అంబర్‌పేట్ నుంచి వచ్చారు. వాళ్ల బాబుకు మూడేళ్లు. ఆ తండ్రి లిఫ్టులో నన్ను పలకరించి, "సార్, మీరు ఆ పార్కుకి పోయొచ్చిండ్రంట గదా. చిన్నపిల్లలకు మంచిగనే ఉంటదా?" అని అడిగాడు.

లిఫ్టు మా అంతస్తుకు రాగానే అతన్ని కూడా దిగమన్నాను. అతన్ని మా ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఇసుక మూట నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. మధ్యలో "అయ్యో" అన్నాడు. బొమ్మ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి కప్పు కింద పెట్టేశాడు. చివర్న లేస్తూ, "మేం గుహకు అస్సలు పోం సార్. ఆకాశం గూడ చూసుకుంటం" అన్నాడు.

ఆ ఆదివారం వాళ్లు వెళ్లారు. ఎండ బాగా కాసింది, ఒక్క మబ్బు లేదు. నేను ఏ పని చేస్తున్నా మధ్యలో బాల్కనీలోకి వస్తూనే ఉన్నాను. మా ఆవిడ రెండుసార్లు చూసి, మూడోసారి తను కూడా వచ్చి నా పక్కన నిలబడింది.

పొద్దు వాలుతుండగా కారు వచ్చింది. తండ్రి దిగి, వెనక తలుపు తీసి, బాబును భుజాన వేసుకున్నాడు. తలెత్తి నన్ను చూసి నవ్వాడు. "సూపరున్నది సార్! ఏం గాలే!" అని కేకేశాడు.

చెయ్యి ఊపాను. బాబు తల తండ్రి భుజం మీద వాలి ఉంది, చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. నిద్రపోతున్నాడో, ఊరికే కళ్లు మూసుకుని ఉన్నాడో పైనుంచి తెలియలేదు.